మూడు గోడల ఇల్లు

“ఈ మామిడి చెట్లు ఎవరు పెట్టిన్రు?” అని అడిగాడు ప్లానింగ్ ఆఫీసరు రఘుపతి.

“మా తాత పెట్టిండు సారూ,” అన్నాడు ఐలేశం, రెప్ప వాల్చకుండా.

“మీ తాత ఎప్పుడు పోయిండు?”

“ముప్పై ఏండ్లు దాటింది.”

“మరి చెట్టుకు నర్సరీ కవరు ఇంకా ఊడలేదేంది?”

ఐలేశం మోకాలెత్తు మొక్క వైపు చూశాడు. గుంతలోంచి నల్ల కవరు అంచు తొంగి చూస్తోంది.

“మా తాత జర జాగ్రత్త మనిషి సారూ.”

పానగల్ పోయే తోవలో ఉన్న ఆ గుట్ట కింది జాగాల్లో మొన్నటిదాకా సర్కారు తుమ్మ తప్ప ఏమీ మొలవలేదు. అక్కడ ‘హరిత బస్తీ’ కడతారట. పేదలకు తక్కువ కిరాయి ఇండ్లు, ముందర దుకాణాలు, నడుమ అందరూ కలిసి పెంచుకునే తోట. మూడేండ్లుగా ఆ బస్తీ కాగితం మీదే పచ్చగా ఉంది. పోయిన నెల సర్వే వాళ్లు వచ్చి హద్దురాళ్లు పాతేసరికి జాగాలున్న వాళ్లంతా మేలుకున్నారు. బీడుకు వచ్చే నష్టపరిహారం ఒకటి, ఇల్లూ దుకాణమూ చెట్టూ ఉన్న జాగాకు వచ్చేది ఇంకొకటి. ఆ సంగతి అక్కడ పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇరవై రోజుల్లో నలభై ఇండ్లు లేచాయి. పక్క జాగా హమీద్ ఏకంగా కిరాణా కొట్టే తెరిచాడు. అందులో సరుకంతా ఖాళీ సబ్బుపెట్టెలే.

ఐలేశం తన ఎనిమిది మేకల్నీ అమ్మి గోడలు లేపాడు. రోడ్డు మీద పోయేవాళ్లకు కనిపించేవి మూడు. నాలుగో గోడకు మేకలు చాలలేదు.

“మేకలుంటే పాలన్న ఉండె. గీ మూడు గోడల్ని పిండితే ఏమొస్తదయ్యా?” అని భార్య గుర్వమ్మ పొద్దూమాపూ దెప్పుతూనే ఉంది.

“పరిహారం రానియ్యే. ఎనిమిది కాదు, ఎనభై మేకలు తెస్త,” అంటూ వచ్చాడు ఐలేశం. ఇప్పుడా ఎనభై మేకలూ ఈ ఆఫీసరు కలం చివరన వేలాడుతున్నాయి.

రఘుపతి ఇంటి చుట్టూ తిరిగి, వెనక్కి పోయి ఆగిపోయాడు. ఐలేశం పై ప్రాణాలు పైనే పోయాయి.

“వెనక గోడ ఏది?”

ఐలేశం గుర్వమ్మ వైపు చూశాడు. గుర్వమ్మే అందుకుంది. “ఉడుకపోస్తదని పెట్టలే సారూ.”

రఘుపతి ఏదో అనబోయాడు. అంతలో అతని ఫోన్ మోగింది. వినయంగా నడుం వంచి అందుకున్నాడు. “నమస్తే సార్... లేదు సార్, అయిపోవచ్చింది... ఎల్లుండి రానియ్యండి సార్, నేను చూపిస్త.” ఫోన్ పెట్టేసి చెమట తుడుచుకున్నాడు. వరసగా లేచిన ఇండ్లనూ, హమీద్ కొట్టునూ, కవర్లు ఊడని మామిడి తోటనూ, దాని నడుమ గుర్వమ్మ చల్లిన గోంగూరనూ అటు నుంచి ఇటూ, ఇటు నుంచి అటూ చూశాడు. చూసేకొద్దీ అతని మొహం చాటంత అయింది.

పుస్తకం తీసి, పైకి చదువుతూ రాసుకున్నాడు. “పక్కా ఇల్లు ఒకటి. గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే ఏర్పాటు. ముందర దుకాణం. కూరగాయల తోట. మామిడి చెట్లు ఎన్ని?”

“పన్నెండు సారూ.”

“పన్నెండేంది? యాభై రాస్త.”

అడగకుండానే పెట్టే ఆఫీసరును ఐలేశం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. చెయ్యి కూడా చాపని ఆఫీసరు! గుర్వమ్మ వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

రఘుపతి వెంట వచ్చిన బంట్రోతుతో ఫోటోలు తీయించాడు. గుర్వమ్మ గోంగూర తెంపుతూ నవ్వాలి. ఐలేశం కొత్త తలుపు ముందు నిలబడాలి.

“తాళంచెవి ఇటియ్యి. ఆ, ఇప్పుడు నా చేతిలకెల్లి తీసుకో. నవ్వాలె.”

ఐలేశం తన తాళంచెవిని తానే రెండు చేతులా కళ్లకద్దుకొని తీసుకున్నాడు. తర్వాత ఒక కాగితం వచ్చింది.

“గిది ఏం కాగితం సారూ?”

“నీకు ఇల్లున్నట్టు కాగితం.”

“ఓసారి చదివించుకోరాదయ్యా,” అంది గుర్వమ్మ.

“ఊకో. సారు మనసు మారితే ఎట్ల?” అని కసిరి, బొటనవేలు సిరాలో ముంచాడు. హమీద్ కూడా చదవకుండానే వేలిముద్ర వేశాడు, వరసలో ఉన్న నలభై మందీ వేశారు.

మూడో రోజు కార్లు దిగాయి. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దమనుషులు గోంగూర ముట్టుకొని మురిసిపోయారు. వాళ్లెవరినీ రఘుపతి ఇండ్ల వెనక్కి పోనివ్వలేదు. పరదా లాగితే పెద్ద బోర్డు బయటపడింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది ఐలేశమే.

“హమీద్ భాయ్, ఎవరికెంత పరిహారమో రాసిన్రా?”

హమీద్ కూడబలుక్కొని చదివి, తెల్లమొహం వేశాడు. “పరిహారం లేదు మామా. ‘హరిత బస్తీ, పని పూర్తయింది’ అని ఉన్నది. కింద లబ్ధిదారులని మన పేర్లే ఉన్నయి.”

ఐలేశం జనాన్ని తోసుకుంటూ పోయి రఘుపతిని పట్టుకున్నాడు. “సారూ, గీ ఇండ్లు మేం కట్టుకున్నయి! నా మేకలమ్మి కట్టిన!”

“మెల్లగ,” అన్నాడు రఘుపతి, కార్ల వైపు చూసి నవ్వుతూనే. “జాగా ఇష్టపూర్తిగ ఇచ్చి, సర్కారు ఇంట్ల కిరాయికి దిగినట్టు వేలిముద్ర ఏసినవ్ గద. తాళంచెవి తీసుకున్న ఫోటో గూడ ఉన్నది.”

వెనక నుంచి గుర్వమ్మ ఏడుపు వినిపిస్తోంది. రఘుపతి జేబులోంచి ఒక చిన్న పుస్తకం తీసి ఐలేశం చేతిలో పెట్టాడు. కళ్లకద్దుకోమని ఈసారి చెప్పలేదు.

“గిది నీ కిరాయి బుక్కు. ఫికర్ చేయకు ఐలేశం, నాలుగో గోడకు కిరాయి పట్టలే.”