ఒక్క కెమెరాకే చోటు

ఆత్మకూరులో బస్సు మారి ఉదయగిరిలో దిగేదాకా, ఆ మాట హెన్రీతో ఎలా చెప్పాలో కరుణశ్రీకి తోచలేదు.

నక్షత్రాల అతినీలలోహిత కాంతిని ఫొటో తీసే కెమెరాలు రెండింటిని ఉపగ్రహం కోసం వాళ్లిద్దరూ ఆరేళ్లుగా డిజైన్ చేస్తున్నారు. ఒకటి ఆమెది, ఒకటి హెన్రీది. బరువు మించిపోయింది, ఒక్క కెమెరాకే చోటుందని కమిటీ తేల్చేసింది. హెన్రీది తీసెయ్యడానికి ఒప్పుకుంటూ నిన్న ఆమే సంతకం పెట్టింది.

హెన్రీ మంచంలో ఉన్నాడు. ఇక మందులతో పనిలేదు, ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పి నెలయింది.

"వచ్చినావా కరుణా? మన కెమెరాలు ఎట్ట ఉండాయి?"

ఆమె మంచం పక్కన కూలబడి భోరుమంది.

"నీది తీసేసినారన్నా. నేనే సంతకం పెట్టినాను. పెట్టకపోతే రెండూ ఆపేస్తామన్నారు. ఏం చెయ్యాల్నో తెలీలా. నన్ను తిట్టన్నా. మంచాన పడిన మనిషి కష్టాన్ని నా చేత్తో నేనే తీసి పారేసినాను."

హెన్రీ ఆయాసపడుతూ లేచి కూర్చున్నాడు.

"ఏడవబాకమ్మా. సీనియర్‌నని పోయిన వారం కమిటీవాళ్లు ముందు నాకే ఫోన్ చేసినారు. వాళ్లు తీసేస్తామనింది నీ కెమెరాని."

ఆమె తలెత్తి చూసింది.

"నాదే తీసెయ్యమని నేనే మెయిల్ పెట్టినాను. ప్రయోగానికి ఇంకా రెండేళ్లు ఉండాది. ఈలోపల ఏ తేడా వచ్చినా సరిచేసేదానికి, దాన్ని డిజైన్ చేసినోళ్లు బతికుండాల గదా."