పెట్టెలో ఉన్నవి

"వారెంటు ఉందేటి?" అంటూ డోర్కాస్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

కోల్‌కతా వాట్‌గంజ్ సందులో పట్టపగలు పోలీసులు. ముందు ఎస్సై, వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక ఆడ పోలీసు. ఈ ఇంటికి కొత్తగా ఓ పెట్టె వచ్చిందనీ, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడం లేదనీ ఎవరో చెప్పారట. తెరిచి చూడాలన్నాడు ఎస్సై, హిందీలో.

ఆ మాత్రం హిందీ డోర్కాస్‌కి అర్థమవుతుంది. అర్థమయ్యే కదల్లేదు. క్రిస్మస్ పశువుల పాకలో పెట్టడానికి తన చేత్తో చేసిన మట్టి బొమ్మలవి. గడ్డిలో పొదిగి శ్రీకాకుళం నుంచి కూతురింటికి తెచ్చింది. సాయంత్రమే పాక కట్టాలి. లాఠీతో కెలికారంటే ఒక్క గొర్రెకీ కాళ్లు మిగలవు.

బెంగాలీవాళ్లు ఎంత మంచివాళ్లనుకుంది. నిన్న రైల్లో ఖరగ్‌పూర్‌లో ఎక్కినవాళ్లు, పెట్టెలో ఏముందో చెప్పి జాగ్రత్త అనగానే, సీటంతా ఆమెకే వదిలి దూరంగా నిలబడ్డారు. వీళ్లేమో ఇలా.

కాగితం లేకుండా పోలీసులు ఇల్లు వెతకకూడదని అల్లుడు ఫెలిక్స్ చెప్పాడని వచ్చీరాని హిందీలో అంది. ఎస్సై మర్యాదస్తుడు. నిజమేనన్నాడు. కాకపోతే గట్టి కారణం ఉంటే అది రాసుకుని, సాక్షుల్ని పెట్టుకుని, కాగితం లేకుండానే వెతకొచ్చన్నాడు. కారణం లేకపోతే వెళ్లిపోతామన్నాడు. ఇంతకీ పెట్టెలో ఏముందని అడిగాడు.

"బొమ్మలు," అంది డోర్కాస్ తెలుగులోనే.

ఎస్సై మెట్టు దిగాడు. మళ్లీ అడిగాడు.

"బొమ్మలు బాబూ. పెట్టి నిండా బొమ్మలే. పడేసినారంటే ఢాం, అంతే." చేతులు విప్పి చూపించింది కూడా.

కారణం దొరికిందన్నాడు ఎస్సై. పెన్ను తీసి, ఇంకాస్త వెనక్కి జరిగి రాయడం మొదలెట్టాడు. సాక్షులుగా పిలిచిన పక్కింటివాళ్లు సందు చివరికి పరుగెత్తారు. ఆడ పోలీసు ఇసుక బకెట్టు కోసం వెళ్లింది.

అంతలో డోర్కాస్ కూతురు జాయ్స్ కూరల సంచితో వచ్చింది. సంగతి విని, పోలీసులు వద్దంటున్నా లోపలికెళ్లి మూత తీసి, గడ్డిలోంచి ఓ మట్టి గొర్రెను ఎత్తి చూపింది.

ఎస్సై మెట్టు మీద కూలబడ్డాడు. కాసేపటికి నవ్వాడు. వెనకే సందంతా నవ్వింది.

"అమ్మా, ఇక్కడోళ్ల మాటలో బోమా అంటే బాంబు," అంది జాయ్స్.

డోర్కాస్ గొర్రె కాళ్లు తడిమి చూసుకుంది. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఓలమ్మా, రైల్లో సీటు అందుకేటి వొగ్గేసినారు."