ఇరవై ప్రశ్నలు

"ఇక్కడొక సంతకం పడెయ్ బహినీ," అంటూ రాందాస్ మోహిని చేతికి కాగితం ఇచ్చాడు.

ఫిజీ రాజధాని సువాలో ఒక ఆసుపత్రి, మగవాళ్ళ వార్డు. ఇద్దరిదీ డాక్టరు చదువులో ఆఖరి ఏడాది.

"ఏమిటిది?"

"వార్డు సిస్టర్‌కి అర్జీ. గోవిందస్వామి చేత మగ రోగులకు స్నానాలు చేయించకూడదని. లాండ్రీకి పంపించెయ్యమని."

"ఏం చేశాడు?"

"చెయ్యాలా? వాలేలేవులో ఇంకో మగాడితో కాపురం ఉంటున్నాడు. శనివారం మార్కెట్లో మా పిన్ని కళ్ళారా చూసింది. ఇద్దరూ ఒకే సంచి చెరో పక్కా పట్టుకుని దాలో దుంపలు బేరం ఆడుతున్నారట!"

చుట్టూ ఉన్న తోటి విద్యార్థులు కిసుక్కుమన్నారు.

గోవిందస్వామి ఆ వార్డులో ఇరవై ఆరేళ్ళుగా ఆర్డర్లీ. అప్పుడు కూడా పది అడుగుల దూరంలోనే, తెర వెనక, వునిమోలి నుంచి వచ్చిన పోతయ్య కాలి పుండు కడుగుతున్నాడు. గుడ్డ తెర మాటల్ని ఆపదు.

"కాస్త ఓర్చుకో తాతా, అయిపోయింది," అంటున్న అతని గొంతు మాత్రం మారలేదు.

మోహిని సంచిలో నలభై కాగితాలున్నాయి. స్వలింగ ప్రేమికులంటే వైద్య విద్యార్థులకు ఎంత చిన్నచూపో కొలవడం ఆమె ప్రాజెక్టు. ఇరవై ప్రశ్నలూ ఆమెకు పాఠం చెప్పే డాక్టర్ సర్లా ఇచ్చింది.

అలాంటివాడు టీ కలిపి ఇస్తే తాగుతారా? అతను లేచిన కుర్చీలో కూర్చుంటారా? అతను చెయ్యందిస్తే పట్టుకుంటారా?

పేర్లు రాయనక్కర్లేదు. క్లాసులో నలభై మందీ నింపి ఇచ్చారు. కూడి చూస్తే చిన్నచూపు దాదాపు సున్నా. రాత్రంతా మోహినికి సంతోషంతో నిద్ర పట్టలేదు.

"అది నేరం కాదని చట్టం మారి రెండేళ్ళయింది రాందాస్. నిన్ననే కదా నా కాగితంలో..."

"ఇరవైకి ఇరవై మంచి జవాబులే రాశాను. అది పేపర్ బహినీ. ఇది వార్డు."

"రోగిని నొప్పి లేకుండా పక్కకు తిప్పడం మనకి నేర్పిందెవరు? గోవింద్ కాకా కాదూ?"

"నేర్పాడు. నేర్చేసుకున్నాం కదా, ఇంకెందుకు?"

మళ్ళీ నవ్వులు.

"ముప్ఫై మంది పెట్టేశారు," రాందాస్ గొంతు తగ్గించాడు. "నువ్వు పెట్టకపోతే, నీ సంగతేమిటో అని కూడా అనుకుంటారు మరి."

మోహిని తెర వైపు చూసింది. అవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయి ఉంది.

సంతకం పెట్టింది.

సోమవారం ఆర్డరు వచ్చింది. గోవిందస్వామి లాండ్రీకి వెళ్ళలేదు. యూనిఫాం మడతపెట్టి సిస్టర్ బల్ల మీద ఉంచి బయటికొచ్చాడు. వరండాలో మోహిని ఎదురుపడింది.

"కాకా, నేను..."

"నీ కాగితాలన్నీ వచ్చాయా బేటీ?" అన్నాడతను.

"వచ్చాయి. బాగా... బాగానే రాశారందరూ."

"అచ్ఛా!" అతని ముఖం నిజంగానే విప్పారింది. "తాత మడమ కింద దిండు పెట్టడం మరిచిపోకండి. ఆయన అడగడు. ఓర్చుకుని పడుంటాడు."

అంతే. బస్సు స్టాండు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మర్నాడు చేతులకు రెండు జతల గ్లవుజులు తొడుక్కుని, ముక్కుకి మాస్కు బిగించుకుని, బేసిన్ పట్టుకుని రాందాస్ వచ్చాడు.

"నువ్వొచ్చావేం? నా గోవిందు ఏడీ?" అన్నాడు పోతయ్య.

"రాడు తాతా. అతను మంచోడు కాదు."

ముసలాయన మోచేతుల మీద లేచాడు.

"ఏరా! ఈ పుండు కంపుకి నా కన్నకొడుకులే గుమ్మంలో నిలబడి పలకరించి పోయారు. నా కాలు ఒళ్ళో పెట్టుకుని పురుగులు తీసినోడు మంచోడు కాదూ? ముక్కు మూసుకుని వచ్చిన నువ్వు మంచోడివా? ఆ మంచి నాకొద్దు. ముట్టావంటే చూడు!"

బాగున్న కాలితో బేసిన్ని ఒక్క తన్ను తన్నాడు. రాందాస్ తెల్లకోటు నిలువునా తడిసింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

మోహిని ఆ సాయంత్రమే వాలేలేవు పరుగెత్తింది. ఇంటికి తాళం ఉంది. ఇద్దరూ సామాను కట్టుకుని, వేరే దీవిలో ఉన్న లంబాసాకి ఓడెక్కేశారని పక్కింటావిడ చెప్పింది. ఏ ఊరికో, ఎవరింటికో ఆవిడకీ తెలియదు.

మర్నాడు మోహిని నలభై కాగితాలూ డాక్టర్ సర్లా బల్ల మీద పడేసింది.

"ఈ కొలత అబద్ధం మేడమ్. చిన్నచూపు లేదని రాసినవాళ్ళలోనే ముప్ఫై మంది అతన్ని వెళ్ళగొట్టారు. ముప్ఫై ఒకటో సంతకం నాది. ఈ ప్రశ్నలు ఏ పరదేశపు పుస్తకంలోవో! మనవాళ్ళ ఒంట్లో విషం వీటికేం దొరుకుతుంది?"

సర్లా చెదిరిన కాగితాలను దొంతి పెట్టింది.

"పుస్తకంలోవి కావు మోహినీ. గోవిందస్వామిని అడిగి రాసుకున్నాను. టీ, కుర్చీ, చెయ్యి... ఈ ఇరవై ఆరేళ్ళలో ఇక్కడ అతనికి జరగనిది అందులో ఒక్కటీ లేదు."

మోహిని పైనున్న కాగితం తీసి ప్రశ్నలు మళ్ళీ చదివింది.

సర్లా సొరుగులోంచి చిత్తుప్రతి తీసి ఆమె ముందుకు తోసింది. అందులో ప్రశ్నలు ఇరవై ఒకటి.

'అతన్ని వార్డులోంచి తీసెయ్యమని అర్జీ వస్తే సంతకం పెడతారా?' అన్న చివరి ప్రశ్నను అడ్డంగా కొట్టేసి, పక్కన గోవిందస్వామి తన చేత్తో రాశాడు: 'ఇది వద్దు మేడమ్, మన పిల్లలు అంత పని చెయ్యరు.'