దిబ్బ మట్టి పతకం

గెలిచేశాం! గెలిచేశాం! ఎర్రచీమల పుట్టంతా ఒకటే కేరింతలు. పక్కనున్న నల్లచీమల్ని తరిమేసి, వాటి ఎత్తయిన దిబ్బని తమ రాజ్యంలో కలిపేసుకున్నాయి మరి! ఇక ఎంత వానొచ్చినా గుడ్లు మునిగే భయం లేదు.

"అందరికీ పతకాలు!" అని ప్రకటించింది సేనాపతి చీమ. "గెలిచిన దిబ్బ మట్టితోనే చేయాలి. అప్పుడే మనకు మర్యాద!"

దండంతా దిబ్బ మీద పడింది. తలా ఓ మట్టి ఉండ చేసుకుని మెడలో వేలాడేసుకున్నాయి. యుద్ధం రోజు కడుపునొప్పని పడుకున్న చీమలు కూడా "మాకేవీ?" అని ఎగబడ్డాయి. వాటికీ దక్కాయి. సేనాపతి ఏడు వేసుకుంది.

జేజేలతో ఊరేగింపు బయల్దేరింది. మెడలు వంగిపోతున్నా ఎవరూ ఆగలేదు.

ఇంతలో ఫెళ్లున ఉరిమింది. గుడ్లకు కాపలా కాసే ముసలి చీమ పరుగెత్తుకొచ్చింది.

"సేనాపతిగారూ, వానొచ్చేస్తోంది! గుడ్లన్నీ మోసుకొచ్చాం, ఎక్కడ పెట్టమంటారు?"

"ఇంకెక్కడ? మన దిబ్బ మీద!" అంటూ సేనాపతి దర్జాగా వెనక్కి తిరిగింది. అక్కడ చదును నేల తప్ప ఏమీ లేదు.

"దిబ్బేదీ?" అని అరిచింది.

"మీ మెడలో ఉంది కదండీ," అంది ముసలి చీమ.

మొదటి చినుకు సరిగ్గా ఆ పతకాల మీదే పడింది.