చక్రం ఒంటి వేడి

"జర ఆగుండ్రి," అని జానమ్మ బండికి అడ్డం నిలబడింది.

బండి మీద ఆమె భర్త బీరన్న, అతని ఒడిలో కాలు విరిగిన గొర్రెపిల్ల. గుట్ట ఎక్కడం అయింది, ఇక దిగాలి. చక్రాల్లోనే చిన్న మోటార్లు ఇమిడ్చి ఆ బండి తయారు చేసింది వాళ్ల బిడ్డ స్వర్ణ. దిగేటప్పుడు బండిని పట్టి ఆపేవీ ఆ మోటార్లే. అవి మాడిపోతే ఇక ఆపేదేమీ లేదు.

జానమ్మ వంగి, జ్వరమొచ్చిన గొర్రె చెవి చూసినట్టు, చేతి వెనుక వైపు చక్రానికి ఆనించింది. చటుక్కున తీసేసింది.

"దీనికి ఒళ్లు కాలుతాంది బిడ్డా."

"నలభై రెండే ఉన్నదమ్మా." పక్కనే నిలబడ్డ స్వర్ణ ఫోన్‌లో మోటార్ల వేడి చూపించింది. "వేడెక్కితే గిదే చెప్తది."

"పొద్దుగాల ఎంతుండె?"

స్వర్ణ ఫోన్‌లో వెనక్కి జరిపి చూసింది. బండి కదలకముందు నలభై రెండు. ఇంత గుట్ట ఎక్కాక కూడా నలభై రెండే. వేడి కొలిచే తీగ లోపల ఎప్పుడో ఊడిపోయింది, ఫోన్‌లో పాత అంకే నిలిచిపోయింది.

"పోదామా బిడ్డా?" బీరన్న నిశ్చింతగా అడిగాడు.

"దిగు బాపు." స్వర్ణ ఫోన్ జేబులో పెట్టి తల్లి పక్కన కూర్చుంది.

"చెయ్యెట్ల పెట్టాల్నో నాకు సుత చూపియ్యమ్మా."