అన్న పేరు మీద నౌకరి

అన్న హనుమండ్లు చనిపోయాక, కొమురెల్లి ఆ పేరుతోనే బొగ్గుబాయిలోకి దిగాడు. ఆ పేరు మీదే కాలు పోగొట్టుకున్నాడు.

ఆఫీసులో గుమాస్తా పళ్లికిలించాడు.

"పదేండ్లు పనిజేసినోనికే పింఛన్. హనుమండ్లు జేసిండు. కొమురెల్లి ఒక్కదినం జెయ్యలే. నువ్వు కొమురెల్లివే అంటున్నరు గదరా! మీ ఇద్దర్ల సచ్చిందెవడు?"

"మా తమ్ముడు కొమురెల్లి సారూ."

"సాక్ష్యమేది?"

గుమ్మంలో నిలబడ్డ కొమురెల్లి భార్య ఐలవ్వ లోపలికొచ్చింది. కొంగుతో బొట్టు తుడిచేసుకుంది. చేతులు బల్లకేసి కొట్టి గాజులు పగలగొట్టుకుంది.

"నేను కొమురెల్లి పెండ్లాన్ని సారూ. నా మొగడు సచ్చిండు."

గుమాస్తా ముద్ర గుద్దాడు.

"హనుమండ్లూ, నీకు పింఛనొస్తది పో. పాపం, తమ్ముని పెండ్లాం ముండమోసింది. జర మంచిగ అర్సుకో."