సగం చెప్పిన హాగరు కథ

కెజియా భయమల్లా ఒక్కటే, చంకలో ఉన్న పసికూతురు తామర్‌ను అమ్మేస్తారని.

మనుషుల్ని కొని దక్షిణాదికి తోలుకుపోయే వ్యాపారి ఈ సోమవారం కాక పై సోమవారం వస్తాడట. దొరగారింట్లో వంట చేసే ఫీబీ విని వచ్చి చెప్పింది.

ఆ ఆదివారం కూడా చర్చిలో ఆంబ్రోస్ తాత ప్రసంగం బైబిల్లోని దాసి హాగరు మీదే.

"దాసి పారిపోతే దేవదూత ఏమన్నాడు? తిరిగి వెళ్లి నీ యజమానురాలికి అణిగి ఉండమన్నాడు."

ముందు బల్ల మీద కూర్చున్న, పారిపోయే బానిసల్ని పట్టే గస్తీవాళ్లు మెచ్చుకోలుగా తలలూపారు. నల్లవాడు ప్రసంగిస్తే తెల్లవాళ్లు కాపలా కూర్చోవాలి. అతను ఆమెన్ అని ముగించేదాకా వాళ్లు లేవడానికి లేదు. ఆ ఊరి కట్టడి అది.

బయట కెజియా తాతకు అడ్డం నిలబడింది.

"ఏం తాతా, కథ సగంలోనే మింగేశావు? తర్వాత హాగరు బిడ్డతో వెళ్లిపోలేదా? దేవుడే నీళ్లబావి చూపించలేదా?"

"నాకు వచ్చింది అంతే అమ్మా."

"దొరగారి పాత కోటు తొడుక్కున్నాక మిగతాది మరిచిపోయుంటావులే."

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. తాత పిల్ల బుగ్గ తాకబోయాడు. కెజియా పిల్లను అటు తిప్పేసింది.

బుధవారం ఫీబీ చెవిలో ఊదింది.

"వచ్చే ఆదివారం తాత హాగరు కథ ఎత్తుకోగానే నువ్వు రేవుకి నడువు. పడవ ఉంటుంది."

"ఎవరు పంపారీ కబురు?"

"అడక్కు. పిల్లకి కడుపునిండా పాలు పట్టు."

ఆదివారం కెజియా వెనక వరసలోంచి జారుకుంది. రేవు దాకా తాత గొంతు వెంట వస్తూనే ఉంది.

"తొందరగా పోనీ అన్నా. గస్తీవాళ్లు వచ్చేస్తారు."

పడవ నడిపే ఈనాక్ తాపీగా తెడ్డు వేశాడు.

"రారు. ప్రసంగం నడుస్తోందిగా."

"అది అయిపోతే?"

"అవదు. చర్చి కిటికీలోంచి మనం దిగే ఒడ్డు కనిపిస్తుంది. నేనక్కడ ఎర్రగుడ్డ ఆరేస్తేగాని ముసలాయన ఆమెన్ అనడు."

కెజియా పిల్లను గుండెకు అదుముకుంది.

ఇప్పుడు బానిసత్వం లేని ఒహాయోలో తామర్ గోడ పట్టుకుని నడుస్తోంది.

కెజియాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఆ చర్చిలో ఇప్పుడు ప్రసంగాలే లేవట.

నది దాటి ఆ ఊరికి పోయేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఆమెకు రహస్యంగా కబురు పంపిన, గొంతు పోయేదాకా గస్తీవాళ్లను కూర్చోబెట్టిన ఆ పాత కోటు ముసలాయన ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసి రండి.